వదిలేసిన ముసలి పెంపుడు జంతువులకు మళ్లీ ఇల్లు చూపడం ఎలా

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వంటి ఊళ్లలో వీధి మలుపున పడుకొని కనిపించే ముసలి కుక్కలన్నీ వీధిలోనే పుట్టి పెరిగినవి కావు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు తరలివెళ్లిన కుటుంబాలు, పిల్లల ఉద్యోగాల వెంట విశాఖపట్నానికో హైదరాబాదుకో చేరుకునే పెద్దలు, ఇంటి యజమాని కన్నుమూశాక వాటాలు పంచుకున్న వారసులు, వీరిలో కొందరు ఇంటి సామానుకు దారి చూసినంత శ్రద్ధగా ఇంటి కుక్కకు దారి చూడరు. పదేళ్లపాటు వరండాలో పెరిగిన ప్రాణి ఒక ఉదయాన వీధిపాలవుతుంది. వీధిలో పుట్టిన కుక్కకు తన హద్దు తెలుసు, తన గుంపు తెలుసు, ఏ హోటలు వెనుక ఏ వేళకు తిండి పారేస్తారో తెలుసు. ఇంట్లో పెరిగి ముసలితనంలో బయటపడిన కుక్కకు ఇవేవీ తెలియవు. అది కొత్త హద్దులోకి అడుగుపెట్టిన ప్రతిసారీ తక్కిన కుక్కల చేత కరిపించుకుంటుంది, వాహనానికి తప్పుకోవడం తెలియక దెబ్బ తింటుంది, మూసిన తలుపు ముందు కూర్చుని చిక్కిపోతుంది.

సొంత షెడ్డు గాని, జీతానికి మనుషులు గాని లేకుండా, నలుగురైదుగురు ఇరుగుపొరుగువారు కలిసి ఈ పని ఎలా చేయవచ్చో చెప్పడమే నా ఉద్దేశం. ముసలి జంతువుకు ఎంత త్వరగా ఇల్లు దొరికిందన్నది పెద్ద విషయం కాదని, దాని రోగాలు, అలవాట్లు ఏవీ దాచకుండా చెప్పి ఇల్లు వెతికామా లేదా అన్నదే అసలు విషయమని పర్లాకిమిడిలో ఈ పని చేస్తూ మేము నేర్చుకున్నాం.

వదలక ముందే ఆపగలిగితే

అన్నిటికన్నా మేలైన సహాయం కుక్క వీధిలోకి రాకముందే చేసేది. ఊరు మారుతున్న ఇళ్ల సంగతి వీధిలో అందరికీ ముందే తెలుస్తుంది. ఆ ఇంట్లో జంతువు ఉందని తెలిస్తే వెళ్లి మాట్లాడండి, నిందించడానికి మాత్రం వెళ్లకండి. ఒక పెద్దావిడ కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, "బాబూ, దీన్ని ఎవరికైనా ఇప్పించు, రోడ్డు మీద వదిలే ధైర్యం నాకు లేదు" అని మమ్మల్ని పిలిపించారు. "మామ్మగారూ, మీ ప్రయాణం ఎప్పుడో చెప్పండి, ఆలోగా చూద్దాం" అని అడిగితే రెండు నెలల వ్యవధి ఉందని తెలిసింది. ఆ రెండు నెలల్లో కుక్క తన ఇంట్లోనే ఉంది, తన గిన్నెలోనే తిన్నది, దాని అలవాట్లన్నీ ఆవిడ నోటివెంటే విని రాసుకోగలిగాం. వీధిలో దొరికిన కుక్క విషయంలో ఇవన్నీ ఊహించుకోవలసి వస్తుంది.

కొన్ని ఇళ్లలో అసలు కష్టం మందుల ఖర్చే కావచ్చు. అలాంటప్పుడు ఆ ఖర్చులో కొంత మీ బృందం భరిస్తే జంతువు ఇల్లు మారనవసరమే ఉండదు. ఎంత చెప్పినా వినని వారికి మాత్రం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరమన్న సంగతి మర్యాదగానే గుర్తు చేయండి.

దొరికిన రోజు

ముందుగా తేల్చుకోవలసింది అది ఇంటి కుక్కా, వీధి కుక్కా అన్నది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి వలయంలా కనిపిస్తే చాలాకాలం మెడపట్టీ వేసుకున్నదని అర్థం. గేటు కనిపించగానే ఆగడం, మెట్లెక్కి చెప్పుల దగ్గర పడుకోవడం, చేతిలో సంచి చూసి దగ్గరికి రావడం కూడా ఇంటి గుర్తులే. మన ప్రాంతంలో మరొక ఉపాయం ఉంది. కొంచెం దూరంగా నిలబడి ముందు తెలుగులో "రా", "కూర్చో" అనండి, తరువాత ఒడియాలో "ఆస", "బస" అనండి. ఏ మాటకు చెవులు నిక్కబొడుచుకుంటే ఆ మాట పలికే ఇంట్లో పెరిగి ఉండవచ్చు, ఎవరిని విచారించాలో అక్కడితో సగం తెలిసిపోతుంది. చెవి కొనకు చిన్న గాటు ఉంటే సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన వీధి కుక్క అని భావించవచ్చు. అది ఆరోగ్యంగా తన వీధిలో తాను ఉన్నట్లయితే దాన్ని అక్కడి నుంచి తరలించకండి. శస్త్రచికిత్స, టీకా అయ్యాక వీధి కుక్కను పట్టుకున్న చోటే వదలాలన్నది 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల సారం.

ఇంటి కుక్కేనని తేలితే వెంటనే దత్తత మాట ఎత్తకండి. అది తప్పిపోయి ఉండవచ్చు. ఫొటో తీసి, దొరికిన చోటు, తేదీ రాసి, తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ కాగితాలు అంటించండి. టీ దుకాణం, పాలకేంద్రం, మందుల షాపు, పశువుల ఆసుపత్రి గోడ ఇందుకు సరిపోతాయి. ఒక్క గుర్తును మాత్రం కాగితంలో రాయకుండా మీ దగ్గరే ఉంచుకోండి. నాదేనని వచ్చిన మనిషి ఆ గుర్తు చెప్పగలగాలి. మేము కనీసం పదిహేను రోజులు ఎదురుచూస్తాం.

పట్టుకునే పద్ధతి గురించి ఒక్క మాట. ముసలి కుక్కకు చూపు, వినికిడి తగ్గి ఉంటాయి గనుక వెనుక నుంచి ముట్టుకుంటే బెదిరి కరుస్తుంది. ఎదురుగా, పక్కకు తిరిగి కూర్చుని, ఉడికించిన గుడ్డు ముక్క నేల మీద పెట్టి, అది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. నొప్పితో ఉన్న కుక్కను ఎత్తేటప్పుడు మూతికి మెత్తని గుడ్డ కట్టి, పాత దుప్పటిని డోలీలా పట్టి ఇద్దరు ఎత్తడం మేలు. ఊపిరి కష్టంగా ఉన్నా, వాంతి చేసుకుంటున్నా మూతి కట్టకూడదు.

రేబిస్ విషయంలో ధైర్యం పనికిరాదు

కింది దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, నీళ్లు మింగలేకపోతున్న ముసలి కుక్కను చూసి పళ్ల నొప్పి అనో, గొంతులో ఎముక ఇరుక్కుందనో అనుకొని నోట్లో చేయి పెట్టేవారిని చూశాను. రేబిస్ పక్షవాత రూపంలో వచ్చినప్పుడు లక్షణాలు సరిగ్గా ఇలాగే ఉంటాయి. అలాంటి కుక్కను ముట్టుకోకుండా, మనుషులు దగ్గరికి పోకుండా చూసి, పశువైద్యుడికి, పురపాలక సిబ్బందికి తెలియజేయాలి.

ఈ పనిలో దిగే ప్రతి ఒక్కరూ ముందస్తు టీకా వేయించుకోవడం అవసరం. దాన్ని 0, 7 రోజుల్లోను, ఆ పైన 21వ లేదా 28వ రోజున మూడు మోతాదులుగా వేస్తారు. టీకా వేయించుకున్నా సరే, కుక్క కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లవలసిందే. పసుపు, సున్నం, కారం వంటివి గాయం మీద పెట్టకూడదు. ముందస్తు టీకా లేనివారికి పూర్తి టీకా వరుస వేస్తారు. గాయం చర్మాన్ని చీల్చి రక్తం వస్తే దానితోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే సిద్ధ ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా ఇవ్వవలసి ఉంటుంది. ఆ సంగతి వైద్యుణ్ని మీరే అడగండి.

వైద్య పరీక్ష

మన ఊళ్లలో ప్రాణి చికిత్సాలయం అని ఒడియా బోర్డు ఉండే ప్రభుత్వ పశువుల ఆసుపత్రే చాలామందికి మొదటి ఆధారం. సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించడానికి 1962 ఫోను నంబరు ఉంది. ఆవులు, మేకల కేసులతో అక్కడ రద్దీ ఎక్కువ కాబట్టి, వైద్యుడి వీలు ముందే కనుక్కొని, అడగవలసినవి కాగితం మీద రాసుకొని వెళ్లండి.

ముసలి కుక్కలో ముఖ్యంగా చూపించవలసినవి కొన్ని ఉన్నాయి. చిగుళ్లు పాలిపోయి, జ్వరంతో, తిండి మానేసి, ఒంటి మీద గోమార్లు ఉంటే గోమార్ల జ్వరం అనుమానించాలి. ముక్కు నుంచి రక్తం కారితే ఆలస్యం చేయకూడదు. ఆ జ్వరానికి మందు దాదాపు నాలుగు వారాలు వాడవలసి ఉండగా, వారానికే కుక్క లేచి తిరుగుతున్నది కదా అని మధ్యలో ఆపేయడం మన వైపు తరచుగా జరిగే పొరపాటు. కుక్క శరీర ఉష్ణోగ్రత సహజంగానే సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది గనుక మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం అనుకోనవసరం లేదు. నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువగా మూత్రం పోస్తుంటే మూత్రపిండాలనూ, చక్కెర వ్యాధినీ పరీక్షింపజేయాలి. శస్త్రచికిత్స జరగని ఆడ కుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు దప్పిక పెరిగి, మందకొడిగా ఉండి, పొట్ట ఉబ్బినా చీము కారినా అది గర్భాశయంలో చీము పట్టిన స్థితి కావచ్చు. చీము బయటికి కనిపించనప్పుడు అపాయం ఇంకా ఎక్కువ. అది రేపటికి వాయిదా వేయగలిగిన రోగం కాదు. జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డను చూసి ఆశ వదులుకోకండి. కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే ఆ గడ్డ వారం వారం ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలా కుక్కల్లో కరిగిపోతుంది.

కంటిలో నీలి పొర కనిపించగానే గుడ్డిదని రాసేయకూడదు. వయసుతో కంటి కటకం గట్టిపడి నీలంగా కనిపించినా చూపు చాలావరకు ఉంటుంది. శుక్లం వేరు. దూది ఉండను కళ్ల ముందు నుంచి జారవిడిస్తే చూపుతో అనుసరిస్తున్నదో లేదో మీకే తెలుస్తుంది.

ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు జంతువులకు ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రాబందులను తుడిచిపెట్టిన కారణంగా పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని 2006లో దేశమంతటా నిషేధించారన్న సంగతి కూడా మందుల షాపులో సలహా చెప్పేవారికి తెలియాలి. పుండులో పురుగులు పడితే కిరోసిన్, పెట్రోలు, ఫినాయిలు పోయకుండా ఆసుపత్రిలో శుభ్రం చేయించాలి.

తాత్కాలిక ఇల్లు

దొరికిన కుక్కను నేరుగా దత్తత ఇంటికి పంపకండి. బృందంలో ఒకరి ఇంట కనీసం రెండు వారాలు, మిగతా జంతువులకు దూరంగా ఉంచి చూడాలి. మొదటి మూడు నాలుగు రోజులు అది సరిగా తినకపోవచ్చు, రాత్రి మూలగవచ్చు. బతిమాలకుండా, పదిమందికి చూపించకుండా, ఒకే మనిషి ఒకే వేళకు తిండి పెడితే తొందరగా కుదుటపడుతుంది.

సిమెంటు గచ్చు మీదా, టైల్సు మీదా కీళ్లు అరిగిన కుక్క కాళ్లు జారిపోతాయి. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా గోనెసంచులు పరిస్తే చాలు, మూడు రోజుల్లో నడకలో తేడా కనిపిస్తుంది. తిండి సంగతికి వస్తే, మెత్తగా ఉడికిన అన్నం, గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, కొద్దిగా పెరుగు సరిపోతాయి. మనం తినగా మిగిలిన, నీళ్లలో నానిన పఖాళ అన్నమో చద్దన్నమో పెట్టడం ఇక్కడ అలవాటు గాని, అందులో పడిన ఉల్లిపాయ, ఉప్పు కుక్కకు కీడు చేస్తాయి. తీరం వైపు ఇళ్లలో ప్రేమగా పెట్టే ఎండుచేపలోని ఉప్పు ముసలి మూత్రపిండాలకు భారం. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి.

ఈ రెండు వారాల్లో నోట్‌బుక్‌లో ఒక పుట దానికి కేటాయించి, ఏ వేళకు బయటికి పోతుంది, మెట్లు ఎక్కగలదా, పిల్లలను చూసి ఏం చేస్తుంది, తింటుండగా దగ్గరికి వెళితే గుర్రుమంటుందా, ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు అన్నవి రాసుకోండి. వినికిడి పరీక్ష తప్పక చేయండి. అది నిద్రలో ఉండగా, కాస్త దూరం నుంచి, స్టీలు పళ్లేన్ని చేత పట్టుకొని గరిటెతో మోగిస్తే తెలిసిపోతుంది. మొదటి ఏడాది మేము ఈ పరీక్ష చేయలేదు. పూర్తిగా చెవిటిదైన ఒక ముసలి కుక్కను చిన్న పిల్లలున్న ఇంటికి ఇచ్చాం. నిద్రపోతున్న దాని వీపు మీద మూడేళ్ల పాప చేయి వేసింది, అది ఉలిక్కిపడి లేచి పాప ముంజేతిని కరిచి పట్టుకుంది. పాపకు ఇంజెక్షన్లు తప్పలేదు, కుక్క ఆ సాయంత్రమే తిరిగి వచ్చేసింది. ఆ ఇంటివారి తప్పు లేదు, కుక్క తప్పు అంతకన్నా లేదు. మేము తెలుసుకోకుండా ఇచ్చాం. తరువాత అదే కుక్క పిల్లలు లేని ఇంట్లో, పక్కకు వెళ్లే ముందు నేల మీద కాలితో తట్టే అలవాటు చేసుకున్న దంపతుల దగ్గర నాలుగేళ్లు హాయిగా బతికింది.

ముసలి పిల్లికి ఇల్లు మారడం కుక్క కన్నా కష్టం. కొత్త ఇంట్లో దాన్ని వారం పది రోజులు ఒకే గదిలో, తలుపు, కిటికీలు వేసి ఉంచకపోతే పాత చోటు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. ఆ గదిని ఫినాయిలుతో తుడవకూడదు, అది పిల్లులకు విషం.

ఎవరి ఇల్లు తగినది

ముసలి కుక్కను తీసుకునేవారు దొరకరన్న మాట పూర్తిగా నిజం కాదు. కుక్కపిల్లను తీసుకునే ఇల్లు వేరు, ముసలి కుక్కను తీసుకునే ఇల్లు వేరు. పిల్లను పరుగెత్తించి, నడత నేర్పి, చెప్పులు కొరకకుండా కాపలా కాసే ఓపిక లేని, పదవీ విరమణ చేసిన దంపతులకు, పొద్దున ఒక చిన్న నడక, మధ్యాహ్నం ఒక నిద్ర తప్ప వేరే కోరిక లేని కుక్క చక్కగా సరిపోతుంది. దుకాణం నడుపుతూ రోజంతా ఒకే చోట కూర్చునేవారు కూడా మంచి ఆశ్రయదాతలు. కాపలా కోసం కుక్క కావాలనేవారికి, మేడ మీద కట్టేస్తామనేవారికి మేము ఇవ్వం. జాలితో ఆ క్షణంలో అడిగినవారిని మూడు రోజులు ఆగి మళ్లీ ఫోను చేయమంటాం.

ఇంటికి వెళ్లి చూడకుండా ఇవ్వకండి. వెళ్లినప్పుడు పరీక్షాధికారిలా కాకుండా ఇంటి మనిషిలా మాట్లాడండి. కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఊరికి వెళితే ఎవరు చూస్తారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇష్టమేనా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు తరచుగా వంటింట్లో ఉంటుంది, అక్కడికి వెళ్లి అడగాలి. తీసుకునేవారు పెద్ద వయసువారైతే, వారికి ఆరోగ్యం బాగా లేని రోజున బాధ్యత తీసుకునే రెండో మనిషిని, కూతురో, మేనల్లుడో, పక్కింటివారో, ముందే ఒప్పించి పేరు రాయించుకోవాలి.

అడుగు ముందుకు వేయడానికి సంకోచించే ఇళ్లకు మా ప్రతిపాదన ఇది: ఇల్లు మీది, మందుల ఖర్చు మాది. గుండె మందో, కీళ్ల మందో నెల నెలా బృందం కొని ఇస్తుంది, కుక్క వారి ఇంట్లో ఉంటుంది. ఎవరూ తీసుకోరనుకున్న జంతువులు మా దగ్గర ఎక్కువగా ఇళ్లు చేరింది ఈ పద్ధతి మీదే. ఇందుకు కావలసిన డబ్బుకు లెక్క పక్కాగా ఉండాలి. ప్రతి బిల్లూ ఫొటో తీసి నెలాఖరున ఇచ్చినవారందరికీ పంపండి. బృందం పెరిగి పేరు నమోదు చేసుకోవాలనుకుంటే 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి.

అప్పగించే కాగితం

ఒక పుట చాలు గాని, అందులో అబద్ధం ఉండకూడదు. అంచనా వయసు, ఉన్న రోగాలు, వాడే మందులు, రేబిస్ టీకా వేసిన తేదీ, మళ్లీ వేయవలసిన తేదీ, చెడ్డ అలవాట్లు, ఇష్టాలు అన్నీ రాయండి. పర్లాకిమిడి కుక్క పాతపట్నానికో, బరంపురం కుక్క ఇచ్ఛాపురానికో వెళ్లడం మన దగ్గర మామూలే. రాష్ట్రం దాటితే అక్కడి వైద్యుడికి ఒడియా చీటీ అర్థం కాకపోవచ్చు. కాగితం తెలుగు, ఒడియా రెండింటిలోనూ రాసి, మందుల పేర్లు వైద్యుడి చేత ఇంగ్లీషు అక్షరాల్లో రాయించండి. ఏ కారణంగానైనా ఉంచుకోలేకపోతే తిరిగి మాకే ఇవ్వాలి, వేరొకరికి ఇవ్వకూడదు, వీధిలో వదలకూడదు అన్న షరతు మీద రెండు వైపులా సంతకాలు ఉండాలి. తిరిగి ఇచ్చినవారిని ఒక్క మాట కూడా అనకండి. మాట పడతామన్న భయంతోనే మనుషులు చీకట్లో వదిలేసి పోతారు.

మొదటి రెండు వారాలు పరిశీలన కాలంగా పెట్టుకొని, రెండో రోజు, వారానికి, నెలకు ఫోను చేయండి. దీపావళి ముందు వారంలో గాని, బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరిగే రోజుల్లో గాని కుక్కను కొత్త ఇంటికి మార్చవద్దు. డప్పులకు, టపాకాయలకు బెదిరి పారిపోయిన ముసలి కుక్క కొత్త వీధిలో దారి వెతుక్కోలేదు.

ఇల్లు దొరకనివి, చివరి రోజులు

కొన్నిటికి ఇల్లు దొరకదు. తాత్కాలిక ఇల్లే వాటికి శాశ్వతమవుతుంది. అందుకే ఒక్కో ఇంటికి ఎన్ని జంతువులో ముందే నిర్ణయించుకొని, ఆ సంఖ్య దాటకుండా, కాదని చెప్పడం నేర్చుకోవాలి. కాదనలేక ఇరవై కుక్కలను పోగేసిన ఇంట్లో ఏ ఒక్కదానికీ సరైన వైద్యం అందదు.

నొప్పి మందులకు లొంగనప్పుడు, తిండి, నీరు, లేవడం మూడూ పోయినప్పుడు, నొప్పి లేకుండా కన్నుమూసేలా చేయడం గురించి పశువైద్యుణ్ని అడగడం పాపమని నేను అనుకోను. ఆ నిర్ణయం వైద్యుడు పరీక్షించాకే జరగాలి, ఆ పని వైద్యుడి చేతనే జరగాలి. పెంచినవారు దగ్గర కూర్చోగలిగితే కూర్చోనివ్వండి. బావికి, కాలువకు దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి పూడ్చాలి.

ఇక తుపాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండ గ్రామాలను కూడా ముంచింది. రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. కట్టేసి ఉన్న ముసలి కుక్క నీళ్లు వస్తే ఈదలేదు, అరిచినా ఆ గాలిలో వినిపించదు. కాబట్టి మేము ఏటా సెప్టెంబరు నెలాఖరులో దత్తత ఇళ్లన్నిటికీ ఫోను చేసి, హెచ్చరిక రాగానే గొలుసు విప్పి లోపలికి తీసుకోమని చెబుతాం, వారం రోజుల మందు విడిగా మూట కట్టించి పెట్టిస్తాం, కాగితంలో రాసిన రెండో మనిషి ఇంకా అదే ఊళ్లో ఉన్నారా, నంబరు మారిందా అని అడిగి నోట్‌బుక్‌లో దిద్దుకుంటాం.